దారి యిచ్చుటయు, దారి యడుగుటయు

పొరుగువానితో వచ్చు తగవులలో హద్దును గూర్చిన తగవు మిక్కిలి చిన్నదిగా మొదలై మిక్కిలి పెద్దదిగా ముగియును. జానెడు నేలకై అన్నదమ్ములు తరతరములు మాటలాడకుండుట మన పల్లెలలో నెల్ల రెరిగినదే. తెలంగాణమున గెట్టు పంచాయితీ యెరుగని యూరు లేదు. మనుస్మృతికారుడు హద్దుల వెంట మఱ్ఱి మొదలగు చెట్లు నాటుమనియు, రాళ్లు, ఊక, బొగ్గులు, పెంకులు నేలలో గుర్తులుగా పాతిపెట్టుమనియు విధించెను. కౌటిల్యుడు ఇండ్లను గూర్చిన తగవులను పొరుగువారి సాక్ష్యముచే తీర్పుమనెను. ఆనాడు పొరుగువాడు సాక్షి. నేడు మనకు పొరుగువాడు ప్రతివాది.

అయినను హద్దు తగవు కొలతతో తీరును. గొలుసు పట్టి కొలిచినచో ఆ జానెడు ఎవరిదో తేలిపోవును. కొలతకు లొంగనిది దారి తగవు. ఇందు నేల యొకనిది, నడక వేరొకనిది. ఈ తగవులో న్యాయ మెట్టిదో మేము చాలకాలము తప్పుగా నెంచియుంటిమి. ఆ తప్పును దాచక చదువరుల ముందుంచుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

మా నివాసము తార్నాకలో. మా పెరటి తలుపు పొరుగింటివారి సందులోనికి తెరచుకొనును. ఆ సందు దాటినచో వెనుకవీధి. ఆ వీధి చివర విశ్వవిద్యాలయమునకు పోవు బాట. పొరుగింటి పెద్దలు తమ సందు తలుపునకు ఎన్నడును తాళము వేయలేదు. పందొమ్మిదేండ్లు మేము ప్రతి యుదయమును ఆ సందుగుండ నడచి, ఆర్ట్సు కాలేజి వరకు పోయి వచ్చుచుంటిమి. మేమెన్నడును అడుగలేదు, వారెన్నడును ఇచ్చితిమని చెప్పలేదు. గడచిన వేసవిలో ఆ పెద్దలు కాలధర్మము నొందిరి. మాసికము వెళ్లిన మరునాడే వారి కుమారుడు సందు తలుపునకు తాళము వేసెను.

మా నోట వచ్చిన మొదటి మాట ‘మా హక్కు’ అనునది. చదువరులు గమనింతురు గాక: ఆ తలుపు తెరచియున్న పందొమ్మిదేండ్లలో ‘వారి దయ’ అను మాట మా నోట ఒక్కనాడును రాలేదు. మూసిన మొదటి దినముననే ‘మా హక్కు’ అను మాట మాత్రము పిలువకయే వచ్చెను.

న్యాయవాదియగు మిత్రు నొకని నడిగితిమి. ఆయన చెప్పిన దిది: 1882లో చేయబడి, తొలుత మద్రాసు మొదలగు రాజ్యములకు వర్తించిన చట్టము ప్రకారము, పరుల నేలమీదుగా ఇరువదేండ్లు శాంతముగను, బహిరంగముగను, అంతరాయము లేకయు, హక్కుగా నడచినవానికి దారి హక్కు సిద్ధించును. కీలకమంతయు ‘హక్కుగా’ అను మాటలో నున్నది. నేల గలవాని యనుమతిచే నడచినవాడు నూరేండ్లు నడచినను హక్కు పొందడు.

“మీ కొక యేడాది తక్కువైనది. ఇరువదియు నిండినవనియే యనుకొందము. అప్పుడు న్యాయస్థానమున మీరేమని చెప్పవలెనో యెరుగుదురా? ఆ పెద్దాయన దయతో మిమ్ము పోనిచ్చెనని చెప్పరాదు. ఆయన యనుమతితో మాకు పనిలేదు, మా సొంతదారివలె నడచితిమి అని చెప్పవలెను. అట్లు చెప్పగలరా?” అని ఆయన యడిగెను.

మేము చెప్పలేకపోతిమి. ఆ దారిని గెలుచుకొనవలెనన్న, దాని నిచ్చినవాని మంచితనము లేనే లేదని ప్రమాణము చేయవలెను. చనిపోయినవాడు వచ్చి మారుపలుకడు గదా! దారి దక్కుటకు ఇంత వెల యియ్యవలసివచ్చునని మేమెన్నడును తలపలేదు.

ఇందు వేరొక చిక్కును గలదు. చట్టము చూపున మౌనముగ దయచూపువాడు నష్టపోవును. తాళము వేయువాడు సురక్షితుడు. న్యూయార్కు నగరమున రాక్‌ఫెల్లర్ ప్లాజా యను ప్రైవేటు వీధిని, అది ప్రజలకు హక్కుగా మారకుండుటకై, ఏటికొకదినము మూసివేయు ఆచారము కలదు. మిగిలిన దినములన్నియు తెరచియుంచుటకే ఆ యొక్కదినము మూయుట! దీనిని పిసినిగొట్టుతన మనవచ్చునా? అనరాదని మాకు తోచుచున్నది. తన దయ తనమీదనే దావాగా తిరిగివచ్చునను భయము గలవాడు దయ చూపుట మానును. ఆ భయమును తీర్చుట దయ పొందువాని ధర్మము. మేము పందొమ్మిదేండ్లు ఆ ధర్మమును తప్పితిమి.

కొన్నిదినములకు మేము ఆ చిన్నవాని యింటికి పోతిమి. అతడు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, “పెదనాన్నగారూ, మీరు నడచుట నాకు కష్టము గాదు. రేపు ఇల్లు అమ్మవలసివచ్చినచో, కొనువాడు మీ పెరటి తలుపు చూచి, ఈ సందులో వీరికేమి హక్కు అని యడుగును. నేనేమి చెప్పుదును? అనుమతితో నడచుచున్నామని మీరొక కాగితము వ్రాసి యిచ్చినచో తాళము తీసెదను” అనెను.

కాగితమను మాట మాకు ములువలె గుచ్చుకొనెను. ఇన్నేండ్ల పొరుగునకు కాగితమా! ఇంటికి వచ్చి రెండుదినములు వ్రాయక యుంటిమి. మూడవదినమున వ్రాసితిమి: “మీ తండ్రిగారి దయచేతను, ఇప్పుడు మీ యనుమతిచేతను ఈ సందున నడచుచున్నాము, హక్కుచేత గాదు.” వ్రాసినపిమ్మట చదువుకొనగా, ఆ పెద్దాయనకు మేము కృతజ్ఞత తెలుపుట అదియే మొదటిసారియని తోచినది. ఆయన వినునప్పుడు చెప్పవలసిన మాటను, ఆయన లేనప్పుడు ఆయన కుమారునికి వ్రాసి యిచ్చితిమి.

మా సందు కథ, ఆ బాట చివరనున్న విశ్వవిద్యాలయపు కథకు చిన్న నకలు. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా తొలుత గన్‌ఫౌండ్రీ ప్రాంతపు భవనములలో తరగతులు నడపి, పిమ్మట అడిక్‌మెట్టు నేలకు తరలెను. ఆర్ట్సు కాలేజి భవనము 1939లో ప్రారంభమయ్యెను. ఆ విశాలమైన నేలమీదుగా తార్నాకవారు విద్యానగరు దిక్కునకు పోవుదురు. ఆవరణమునకు ఆనుకొనియున్న మాణికేశ్వరినగరు బస్తీవారు పనులకు పోవుదురు. మావంటివారు ఉదయము నడకకు పోవుదురు. 2023లో నడకకు వచ్చువారినుండి నెలకు 200 రూపాయలు గొనవలెనని విశ్వవిద్యాలయము తలపెట్టినప్పుడు, నడచువారిలో ననేకులు కోపించిరి. మేమును గోపించితిమి. ఆ కోపములోను ‘హక్కు’ అను మాటయే వినవచ్చెను. ఆ చెట్లను పెంచినవారెవరో, ఆ బాటలను ఊడ్చువారెవరో మాకు గుర్తులేదు.

తన నేల ఆక్రమణల పాలగుచున్నదని విశ్వవిద్యాలయము మొరపెట్టుట చిరకాలముగ నున్నదే. అట్టి యజమానుడు గోడ కట్టుటలో తప్పులేదు. కాని ఇచట మేమొక భేదమును మరువరాదు. మా నడక సౌకర్యము. అది లేకున్న మేము పది నిమిషములు చుట్టు తిరిగిపోదుము. బస్తీయం దుండు కూలిస్త్రీకి ఆ చుట్టుదారి యనగా ఆటో కిరాయి, ఆలస్యము, ఒక్కొక్కప్పుడు పోయిన కూలి. సౌకర్యమును అడిగి పొందవలెను. అవసరమును అడుగకముందే గుర్తింపవలెను. ఒక నేల రెండుగా విభజింపబడి, ఒక భాగమునకు వేరుదారి లేకపోయినచో, రెండవ భాగముమీదుగా దారి యుండితీరవలెనని చట్టము సైతము అంగీకరించినది. గోడ కట్టు పెద్దయజమానుడు మొదట ఆలోచింపవలసినది మా యారోగ్యమును గూర్చి గాదు, ఆమె కూలిని గూర్చి. ఏ ద్వారము, ఏ వేళల, ఎవరికి తెరచియుండునో ఆమెకు అర్థమగు భాషలో పలకమీద వ్రాసి ద్వారముకడ నిలుపవలెను.

కాగితము స్నేహమును చంపునని కొందరందురు. మేమును మొన్నటివరకు అట్లే యనుకొంటిమి. స్నేహమును చంపునది కాగితము గాదు. ఇరువురును వేరువేరుగా అర్థము చేసికొని, ఏనాడును పైకి చెప్పుకొనని మౌనము. ఇచ్చినవాడు దయయని తలచును. పుచ్చుకొన్నవాడు హక్కని తలచును. వారిరువురు జీవించియున్నంతకాలము ఆ రెండు తలపులును ఎదురుపడవు. వారి బిడ్డలనాడు ఎదురుపడును. అప్పుడది వ్యాజ్యమగును.

తార్నాక యను పేరు తార్, నాకా అను రెండు మాటల కలయిక యందురు. తారనగా తీగకంచె, నాకా యనగా కావలి గల ద్వారము. హద్దులేని పొరుగును, ద్వారములేని హద్దును రెండును మనుష్యులకు పొసగవని ఆ పేరే మాకు నేర్పుచున్నట్లున్నది. కంచె వేయుటకు సిగ్గుపడనక్కరలేదు. ద్వారముకడ నిలిచి అడుగుటకును సిగ్గుపడరాదు. చదువరులలో నెవరైనను పొరుగువాని నేలమీదుగా ఏండ్ల తరబడి నడచుచున్నచో, ఆ పొరుగువాడు జీవించియుండగనే ఒకమారు తలుపుతట్టి ఆ మాట చెప్పవలెనని మా ప్రార్థన.