తట్ట నందుకొన్న చేయి

తిరుమల ఆలయ మహాద్వారమున గోడకు ఒక ఇనుప పలుగు వ్రేలాడుచుండును. అది అనంతాళ్వారులది. భగవద్రామానుజుల ఆజ్ఞపై స్వామికి పూదోట పెంచిన ఆ మహనీయుడు, నీటికై గర్భవతియైన భార్యతో చెరువు త్రవ్వుచుండెను. ఒక బాలుడు వచ్చి ఆమె తలపైని మట్టితట్ట నందుకొనెను. తమ కైంకర్యమున పరులకు పాలు లేదని కోపించి ఆళ్వారు పలుగు విసరెను. ఆ గాయము ఆలయమున స్వామి చుబుకముపై కానవచ్చెను. నాటినుండియే స్వామి గడ్డమునకు పచ్చకర్పూరము అద్దుచున్నారని ఐతిహ్యము.

సేవకునికి సేవపై హక్కు కలదా? హైదరాబాదు శివారున ప్రగతి నగర్ ఒకప్పుడు గ్రామపంచాయతీ. 2019లో నిజాంపేట నగరపాలక సంస్థలో కలిసినది. పలు జిల్లాలనుండి కొలువులకై వచ్చినవారు అచట ఇరుగుపొరుగులైరి. అచటను ఒక చెరువు కలదు. ఎచటనైనను చెరువు బాగుచేయ బూనినవారికి, ఈ పని మాది, ఫలకముపై పేరు మాది అను భావము కలుగుట సహజము. కాని పై వీధుల మురుగు పల్లమునకే చేరును. ఆ వీధులవారిని కలుపుకొననిచో ఎన్నిమారులు శుభ్రపరచినను చెరువు మరల మలినమగును.

అనంతాళ్వారులది అహంకారము కాదు, గురుభక్తి. అట్టి భక్తియే పరుల చేయిని త్రోసిపుచ్చి స్వామిని గాయపరచినదన్నచో, కేవలము పేరుకై పొరుగువానిని కాదనుట ఎంతటి అపచారము! తట్ట నందుకొన వచ్చినవాడెవడో మనకు తెలియదు. అందుచేతనే తట్టను అందీయవలెను.