తేలికైన మూట

ధ్యాన భాగములు: లూకా 10:1-9; అపొస్తలుల కార్యములు 28:1-10



మహాశివరాత్రి కడచిన కొన్ని దినములకు శ్రీముఖలింగములోని పురాతనాలయములను చూచుటకు పట్టణమునుండి ఒక యౌవన దంపతులు వచ్చిరి. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయముల శిల్పములను చూచి, వంశధార ఒడ్డున తిరుగుచుండగా ప్రొద్దుపోయి ఆఖరు బస్సు తప్పినది. వారు మా గ్రామమునకు నడచివచ్చి రాత్రికి చోటు అడిగిరి. వీపులమీద చెరియొక సంచి తప్ప వారియొద్ద మరి సామాను లేదు. మా అరుగుమీద చాప వేయించి, ఇంటిలో ఉన్న అన్నమే పెట్టితిమి. వారు దానిని సంతోషముతో తినిరి.

భోజనమైన పిమ్మట వారు తమ అండమాను ప్రయాణమును గూర్చి చెప్పిరి. విశాఖపట్టణములో ఓడ ఎక్కి, అన్నిటికంటె చవుకైన బంకు తరగతిలో పండుకొని, సుమారు 1200 కిలోమీటర్ల సముద్రము దాటి, 2024 వరకు పోర్టు బ్లెయిరు అనబడి ఇప్పుడు శ్రీ విజయపురమని పిలువబడు పట్టణము చేరిరట. అక్కడనుండి స్వరాజ్ ద్వీపమని 2018లో పేరు మార్చబడిన హేవ్‌లాకు దీవికిని, షహీద్ ద్వీపమని పేరు పెట్టబడిన నీలు దీవికిని పోయిరట. ఆకుల పాకలలో నిద్రించి, కూలివారు తినుచోట అన్నము తిని, ఒక పడవవానితో గంటసేపు బేరమాడి సగము సొమ్ముకే సముద్రముమీద తిరిగి వచ్చిరట. ఇంత తక్కువలో ఇన్ని చూచినవారు తన స్నేహితులలో లేరని ఆ యువకుడు చెప్పెను.

అరుగు చివర కూర్చుండి వినుచున్న మా సంఘములోని ఒక వృద్ధురాలు లేచి దగ్గరకు వచ్చెను. ఆమె కుమారుడును కోడలును మూడేండ్ల క్రిందట అదే సముద్రము దాటి ఆ దీవులకే కట్టడపు పనికి పోయిరి. “మా గుంటడూ కోడలూ అక్కడే ఉన్నారు బాబూ. మీకెక్కడైనా అగుపడినారేటి?” అని ఆమె అడిగెను. రేవులోను, ఇండ్లు కట్టుచోట్లను, తాము దిగిన పాకల వెనుక గిన్నెలు తోముచోటను తెలుగు మాటలాడువారు అనేకులు కనబడిరి గాని, ఎవరి పేరును తాము అడుగలేదని ఆ చిన్నది మెల్లగా చెప్పెను. “పోనీలే తల్లీ, అంతమందిలో ఎవర్నని అడుగుతావు” అని ఆమెయే ఓదార్చి యింటికి పోయెను. తరువాత ఆ అరుగుమీద చాలసేపు ఎవరును మాటలాడలేదు.

ఆ రాత్రినుండి ఒక ప్రశ్న మమ్మును విడువలేదు. తక్కువ ఖర్చుతో లోకమును చూచి ఆనందించుట తప్పా? తప్పు కానియెడల, ఆ ముసలితల్లి ప్రశ్న విని మన మనస్సు ఎందుకు కలత చెందెను?

మొదట, చూచుట పాపము కాదని నిశ్చయముగా చెప్పుదుము. మన పెద్దలలో కొందరు, “దీవులు చూచుటకు డబ్బు తగులబెట్టుటెందుకు? ఆ సొమ్ముతో రెండు గేదెలు రావా?” అందురు. గాని సముద్రమును దాని దీవులను చేసినవాడు దేవుడే. దీవులన్నియు సంతోషింపవలెనని కీర్తనకారుడు పిలిచెను (కీర్తన 97:1). ప్రభువు తానే అలసిన శిష్యులను ఏకాంత స్థలమునకు వచ్చి విశ్రమింపుడనెను (మార్కు 6:31). చిన్న జీతములో కొంచెము కొంచెముగా కూడబెట్టి, భార్యాభర్తలు కలిసి దేవుని సృష్టిని చూచి వచ్చుట, అప్పుచేసి పెండ్లిపందిరి వేయుటకంటె ఎంతో మేలు.

రెండవది, తేలికైన మూట కూడ తప్పు కాదు. ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు సంచిని జాలెను తీసికొనవద్దని చెప్పి పంపెను. ఆ దంపతులు మా అరుగుమీద కూర్చుండి పెట్టినది తినిన రీతి, లూకా 10వ అధ్యాయము చదివినవారికి పరాయిగా తోచదు. గొప్ప హోటలులో దిగువానికంటె వీరు తక్కువ నీరు, తక్కువ దీపపు వెలుగు వాడుకొందురు. వీరిచ్చు కొద్ది సొమ్ము తిన్నగా పాకవాని చేతిలో పడును. ఇది న్యాయముగా ఒప్పుకొనవలెను.

అయితే ఆ అధ్యాయమునే మరికొంత చదువుదము. జాలె వద్దన్న ప్రభువే, అదే మాటల వరుసలో, పనివాడు తన జీతమునకు పాత్రుడని చెప్పెను. ఇంటినుండి యింటికి మారవద్దనియు ఆజ్ఞాపించెను. అనగా మొదట చేర్చుకొనిన పేదయింటివారిని విడిచి, అంతకంటె అనుకూలమైన చోటు వెదకుకొనకూడదు. శిష్యుని మూట తేలికగా ఉండుటకు కారణమేమి? వట్టి చేతులతో వచ్చినవాడు ఇతరుల దయమీద ఆధారపడును, వారి యింట కూర్చుండును, వారి పేర్లు నేర్చుకొనును, వారికి సమాధానము చెప్పును, రోగులను స్వస్థపరచును. శిష్యుడు పుచ్చుకొనుటకును ఇచ్చుటకును మూట తగ్గించుకొనెను. మనమో అనేకమారులు ఇయ్యకుండుటకే మూట తగ్గించుకొందుము. బయటికి రెండు మూటలును ఒక్కటిగానే కనబడును. తూచువాడు దేవుడు.

పౌలు కూడ ఒక దీవికి వట్టి చేతులతో చేరెను. ఓడ పగిలి 276 మంది మెలితే ఒడ్డున పడిరి. వారి భాష యెరుగని ఆ ద్వీపవాసులు నిప్పు రాజబెట్టి అందరిని చేర్చుకొనిరి. అక్కడ పౌలు ఏమి చేయుచుండెనో చూడుడి. అతడు కట్టెలు ఏరుచుండెను! అతిథియై కూర్చుండి చలి కాచుకొనవలసినవాడు ఆ నిప్పునకు తన మోపు తాను తెచ్చెను. పొప్లి అనువాడు మూడు దినములు ఆతిథ్యమియ్యగా, అతని తండ్రి జ్వరముతోను రక్తభేదితోను పడియున్నాడని తెలిసికొని ప్రార్థించి స్వస్థపరచెను. ఆ యింటిలో ఎవరు పడకమీద నున్నారో పౌలు ఎరిగియుండెను.

1805లో సముద్రము దాటి విశాఖపట్టణమునకు వచ్చిన లండన్ మిషనరీ సొసైటీవారైన క్రాన్, డెస్ గ్రాంజెస్ అను ఇద్దరును ఇట్లే మొదట మన భాష నేర్చుకొనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణించిరి. గాని మూడు సువార్తల తెలుగు తర్జుమా వారి వెనుక మిగిలి 1812లో శ్రీరాంపురమున అచ్చయ్యెను. అందరును తర్జుమాలు చేయనక్కరలేదు. తాను కాచుకొనిన నిప్పునకు ఒక కట్టె తెచ్చుట ప్రతి బాటసారి చేయదగినది.

మూడవది, చవుక యొక్క వెల ఎవరు చెల్లించుచున్నారో విచారింపవలెను. కొనువాడు వస్తువును నాసి నాసి అని చెప్పి, తరువాత వెళ్లి తన బేరమును గూర్చి అతిశయించునని సామెతల గ్రంథకర్త వ్రాసెను (సామెతలు 20:14). ఈ మాట ఆ యువకునికి మాత్రమే తగులుననుకొనకుడి. ఒకమారు మేము శ్రీకాకుళము సంతలో తోటకూర అమ్ము అవ్వతో బేరమాడి, ఆమె విసిగి విడిచిన పది రూపాయలు మిగుల్చుకొని, ఆదివారమున వాటినే కానుకలో వేసితిమి. అది ఎవరి కానుక? అవ్వదే గాని మాది కాదు. బల్లమీద వేసినది మా చేయి.

ధనికుడైన వర్తకుడు అన్యాయపు వెల చెప్పినప్పుడు బేరమాడుట తప్పు కాదు. మోసమును సహింపవలెనని వాక్యము చెప్పుటలేదు. గాని పడవవాని మాట వేరు. కోతకోయునప్పుడు పొలపు అంచులు బీదలకును పరదేశులకును విడువుమని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను (లేవీ 19:9-10). పొలము నీదే, పంట నీదే, అయినను అంచువరకు కోయకుము. బేరమునకు కూడ అట్టి అంచు ఒకటి కలదని మేము తలంచుచున్నాము. నీవు గెలువగలిగినంత వరకు గెలువకుము. ఎదుటివాడు ఆ సాయంకాలము ఇంటికి కొంచెము బియ్యము తీసికొనిపోవునట్లు చివరి గీత కోయక విడువుము.

నాలుగవది, మనుష్యులు చూడదగిన వస్తువులు కారు. అండమానులో జారవాలను అడవిజనులను చూచుటకు వచ్చినవారి యెదుట, తిండికొరకు వారి స్త్రీలచేత నాట్యమాడించిన దృశ్యము 2012లో బయలుపడి లోకమంతయు సిగ్గుపడినది. మన ఏజెన్సీ కొండలలోని సవర గూడెములకు పోవు మన పిల్లలును ఈ మాట జ్ఞాపకముంచుకొనవలెను.

ఉత్తరాంధ్రవారమైన మనకు ఈ సంగతి మరి యెక్కువగా తెలియవలెను. మన తీరపు తెలుగువారు 19వ శతాబ్దములో ఒప్పందపు కూలీలై మారిషసుకు పోయిరి. కోరంగి రేవునుండి వచ్చినవారగుటచేత అక్కడ వారికి కోరంగివారని పేరు కలిగెను. 1903 మొదలు దక్షిణ దేశపు కూలీలతోపాటు మనవారును ఫిజీ దీవులకు పోయిరి. మారిషసులో దిగిన ప్రతి కూలీకి దొరతనమువారు ఒక సంఖ్య వేసిరి. ఆ చెరకు తోటలు చూచి దీవి యెంత అందముగా ఉన్నదని వ్రాసిపెట్టిన బాటసారులు కొందరుందురు. కోసినవాని పేరు ఎందరు వ్రాసిరి? నేడు అండమాను నికోబారు దీవులలో, 2011 జనసంఖ్య ప్రకారము, నూటికి సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. మన జిల్లా బిడ్డలు వారిలో అనేకులు. కొందరు మన ప్రార్థనలలో పేరుపేరున జ్ఞాపకము చేయబడువారే.

మనకొరకు దరిద్రుడైన ప్రభువును తలంచుకొనుడి (2 కొరింథీయులకు 8:9). ఒక నెల పేదవానివలె బ్రదికి తిరిగి యింటికి పోవుట అనేకులు చేయగలరు. ఆయన దారిద్ర్యమువలన ఇతరులు ధనవంతులైరి. మన పొదుపువలన ఎవరు ధనవంతులగుచున్నారు, ఎవరు దరిద్రులగుచున్నారు అని అడిగి చూచుకొనుట ప్రయాణికునికే గాక సంతకు పోవు ప్రతి విశ్వాసికిని తగినది.

అకుల ప్రిస్కిల్ల అను దంపతులు రోమానుండి కొరింథునకు, కొరింథునుండి ఎఫెసునకు తిరిగిరి. డేరాలు కుట్టి బ్రదికిరి గనుక వారును విస్తారమైన ధనము గలవారని తోచదు. అయినను వారు దిగినచోట పౌలునకు చోటు దొరికెను, అపొల్లోకు బోధ దొరికెను, సంఘము కూడుకొనుటకు ఇల్లు దొరికెను. మన యౌవన దంపతులు ప్రయాణము చేయదలచినయెడల ఈ యిద్దరిని తోడు తీసికొని పోవుదురు గాక.

తెల్లవారి బస్సు వచ్చుటకు ముందు ఆ చిన్నది తానే అడిగి వృద్ధురాలి యింటికి పోయెను. ఆమె కుమారుని పేరు, కోడలి పేరు, ఇంటిపేరుతో సహా తన చిన్న పుస్తకములో వ్రాసికొనెను. వారు మరల ఆ దీవులకు పోవుదురో లేదో మేమెరుగము. అయితే వృద్ధురాలు ఆ ఆదివారము మందిరములో మాతో, “అయ్యగారూ, మావోడి పేరు రాసుకున్నాది” అని రెండుమారులు చెప్పెను.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, తల వాల్చుకొనుటకు చోటులేని నీ కుమారుని మాకు బాటసారిగా పంపితివి. దూరదేశములలో పనిచేయు మా బిడ్డలను కాపాడుము. మేము తిన్న అన్నము వండినవారిని, మమ్మును దాటించినవారిని మరువని మనస్సు మాకు దయచేయుము. మా బేరములలో బీదలకొరకు అంచు విడుచు కృప ననుగ్రహించుము. ఆమేన్.