మోగని దెబ్బ

మృదంగం నేర్చుకునే రోజుల్లో తాళం తప్పుతుందేమోనని నాకు ప్రాణం పోయేది. జాజ్ డ్రమ్మర్ కెన్నీ క్లార్క్‌ని విన్నాక ఆ భయం ప్రశ్నయింది: కాలాన్ని మనం మోస్తున్నామా, అదే మనల్ని మోస్తోందా?

స్వింగ్ బృందాల్లో డ్రమ్మర్ కుడికాలితో పెద్ద డ్రమ్ముని ఆవర్తానికి నాలుగుసార్లు మోగించేవాడు. నాట్యమాడేవాళ్లకు అదే నేల. పిట్స్‌బర్గ్‌లో 1914లో పుట్టిన క్లార్క్ ఆ నడకను రైడ్ సింబల్ అనే లోహపు పళ్లెం మీదికి ఎక్కించాడు. కాలికి విడుదల దొరికింది; అనుకోని చోట ఒక్క దెబ్బ, మిగతాదంతా నమ్మకం. మోగకపోయినా లయ ఉంటుందన్న నమ్మకం. నాకు భక్తి అర్థమైంది అక్కడే.

ఈ పద్ధతి నచ్చక బృంద నాయకుడు టెడ్డీ హిల్ క్లార్క్‌ని తన బృందంలోంచి తీసేశాడు. తర్వాత హార్లెమ్‌లోని మింటన్స్ క్లబ్బుకి పిలిచిందీ హిల్లే. బీబాప్ అనే కొత్త జాజ్ శైలి అక్కడ ఊపిరి పోసుకుంది.

1946లో క్లార్క్ ఇస్లాం స్వీకరించాడు. 1956లో పారిస్ చేరి, 1985లో కన్నుమూసేదాకా ఫ్రాన్స్‌లోనే ఉన్నాడు.