యాప్యవ్యాధి – గృహస్థధర్మము

ఆయుర్వేదాచార్యులు వ్యాధులను సాధ్యములనియు, అసాధ్యములనియు రెండు తెగలుగా విభజించిరి. సాధ్యములలో సుఖసాధ్యము, కృచ్ఛ్రసాధ్యము అని రెండు. అసాధ్యములలోను రెండు కలవు. వైద్యుడు చేయగలిగినది లేని ప్రత్యాఖ్యేయము ఒకటి. నిర్మూలింప వీలుకాకున్నను చికిత్సచే అణచి యుంచదగిన యాప్యము రెండవది. చరకసంహిత సూత్రస్థానమున పదవ అధ్యాయమందు ఈ విభాగము కానవచ్చును. ఆయుర్వేదము నా శాస్త్రము కాదు. మా గురువుగారికి వైద్యమందు ప్రవేశముండుటచే పాఠశాలలో ఈ మాటలు మా చెవిని బడినవి, అమరకోశమున పర్యాయపదములవలె వల్లించితిమి. అసాధ్యమను పెద్ద తెగలోనే యాప్యమును ఏల చేర్చిరో ఆనాడు నేను అడుగలేదు.

2017లో నా సహధర్మచారిణికి రొమ్ము క్యాన్సరు వచ్చినది. శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషను వరుసగా జరిగినవి. తరువాత ఐదేండ్లు మాత్రలు వాడినది. గిద్దలూరునుండి నల్లమల దాటి, నంద్యాల మీదుగా హైదరాబాదునకు ఎన్ని పర్యాయములు పోయి వచ్చితిమో లెక్క లేదు. రోగము పోయినదనియే తలచితిమి. 2023 వేసవిలో ఆమె నడుము నొప్పి యన్నది. అరువది యేండ్ల మనిషికి నడుము నొప్పి వింతయా యని రెండు నెలలు తైలము మర్దించుచు గడపితిమి. ఆ రెండు నెలలు నేటికిని నా మనస్సున ముల్లువలె ఉన్నవి. తీరా పరీక్షింపగా రోగము వెన్నెముకకును, కాలేయమునకును ప్రాకియున్నది.

తిరిగి వచ్చు కంతులను మన పూర్వులు ఎరుగనివారు కారు. సుశ్రుతుడు అర్బుదములను చెప్పుచు, మొదటి కంతిపై మరల పుట్టినదానిని అధ్యర్బుదమనియు, జంటగా గాని ఒకదాని వెంట ఒకటి గాని పుట్టినవానిని ద్విరర్బుదమనియు పేర్కొని, అవి సాధ్యములు కావనెను. దోషము లేశమాత్రము మిగిలినను అర్బుదము మరల పెరిగి నిప్పువలె రోగిని హరించుననియు హెచ్చరించెను. ఆ రాత్రి ఇల్లు చేరి ఆ పుటలు తీసి చదివి, గ్రంథము మూసి పక్కన పెట్టితిని. శాస్త్రము తెలియుట వలన దుఃఖము తగ్గునని ఎవ్వరైన చెప్పినచో ఇక నమ్మను.

నిర్ణయము చేయవలసిన దినములలో మా ఇంట నాలుగు మాటలు వినబడినవి. నరముద్వారా ఎక్కించు తీవ్రమైన మందు ఇచ్చినచో కాలేయములోని రోగము త్వరగా తగ్గవచ్చునని, బాధ మాత్రము అధికమని పెద్ద వైద్యుడు చెప్పెను. మరియొక తరగతి హార్మోను మందు వాడి చూడవచ్చుననియు, అది నిదానమనియు, దానితో కలిపి వాడు క్రొత్త మాత్ర ఒకటి కలదనియు, దాని వెల మేమే భరింపవలసి యుండుననియు కూడ ఆయనయే చెప్పెను. మా అబ్బాయి కంభము చెరువు క్రింద నున్న రెండెకరములు అమ్మి ఆ మందును, నరములోని మందును అన్నింటిని చేయింపవలెననెను. బంధువొకరు పసరు మందు ఇచ్చువాని పేరు చెప్పి, ఈ ఆసుపత్రుల చికిత్స మానిననే అది పని చేయుననిరి. ఈ చివరి మాటను గూర్చి నేను ఎక్కువ వ్రాయను. తక్కిన వైద్యమును మానుమని నియమము పెట్టువానికి తన మందుపై నమ్మకము లేదనియే నా అభిప్రాయము.

వీరిలో ఎవ్వరును ఆమెను అడుగలేదు. నేనును అడుగలేదు. నడుమునకు మాత్రమే వచ్చినదని చెప్పి, కాలేయము సంగతి దాచితిని. కాగితములను నా పుస్తకముల బీరువాలో, ఆమె ఎన్నడును ముట్టని న్యాయగ్రంథముల వెనుక పెట్టితిని.

ఆ దాపరికమునకు నా దగ్గర శాస్త్రప్రమాణము కూడ సిద్ధముగా ఉండెను. అది భారతములోని సావిత్రి కథ. సత్యవంతుని ఆయువు ఒక సంవత్సరమేయని నారదుని వలన విని కూడ ఆమె భర్తకు చెప్పలేదు గదా! బంధువులు సైతము ఆ పేరే ఎత్తి, "సావిత్రి యముడితో పోరాడలేదా? మీరు ఇంత తొందరగా వదిలేస్తారా?" యని నన్ను అడిగిరి. కాని కథను నిదానముగా మననము చేయగా రెండు సంగతులు తోచినవి. సత్యవంతుని ముందు ఎంచుకొనదగిన మార్గములు రెండు లేవు. తెలిసినను అతడు చేయవలసిన నిర్ణయ మేదియు లేదు. కనుక చెప్పకుండుట వలన అతనినుండి ఆమె దేనిని అపహరింపలేదు. నేను నా భార్యనుండి అపహరించినది ఆమె నిర్ణయమును. ఇక రెండవది. మూడు రాత్రుల వ్రతము సావిత్రి పట్టినది తాను. భర్తచే పట్టింపలేదు. నిలువుకాళ్లపై నిరాహారముగ నున్నది ఆమె దేహము. మా ఇంట పోరాడవలెనన్న పట్టుదల మాది, వాంతులును, జుట్టు రాలుటయు, సూది పోట్లును మాత్రము ఆమెవి. ఒకరి పట్టుదలకు మరియొకరి శరీరము వ్రతము పట్టుట సావిత్రి ధర్మమున ఎక్కడ నున్నది?

చికిత్సకు నాలుగు పాదములని చరకుడు చెప్పినది అందరికిని తెలిసినదే. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణములలో భయము లేకుండుటయు, తన వ్యాధిని తాను తెలుపగలుగుటయు చేర్చెను. తనకేమి యున్నదో తెలియని రోగి ఏమి తెలుపును? పరిచారకుడనైన నేను నాలుగవ పాదమును నా చేతులతోనే విరిచి, తక్కిన మూడింటిపై మంచమును నిలుపజూచితిని.

పదియవనాడు సాయంకాలము ఆమెయే కదిపినది. వంటింటి గడపపై కూర్చుండి చిక్కుడు కాయలు ఈనెలు తీయుచుండెను.

"కాలేయానికి కూడా వచ్చిందంట గదా? మీరే చెప్తారేమోనని పదిరోజులుగా చూస్తున్నా."

నేను మాటాడలేదు.

"మీరు చెప్పకపోతే భయపడనని అనుకున్నారా? రాత్రుళ్లు ఒక్కదాన్నే భయపడ్డా, అంతే తేడా. ఏమండీ, నాకు ఆ నరంలో ఎక్కించే మందు ఒద్దు. పోయినసారి ఆర్నెల్లు అన్నం వాసన పడలా. ఈసారి ఉన్నన్నాళ్లు మన వంటింట్లో నేను వండుకొని తినాలి. నొప్పికి మాత్రం మంచి మందు ఇప్పించండి, అది ఓర్చుకోలేను."

కీమోథెరపీ వలదనుట ఆత్మహత్యా దోషమగునేమోయని ఒక శంక నన్ను పీడించెను. చాల ఆలోచించితిని. ప్రాణమును తీసికొనుటయు, పోవుచున్న ప్రాణమును ఎట్టి బాధకైన ఓర్చి పట్టుకొనకుండుటయు ఒకటి కావు. లౌకికముగ చూచినను, తెలివిలోనున్న వయోజనుడు తనకు వలదన్న చికిత్సను నిరాకరింపవచ్చునని మన సుప్రీంకోర్టు 2018 మార్చి 9వ తేదీ తీర్పులో గుర్తించినది. పైగా ఆమె చికిత్సనంతటిని వలదనలేదు. ఒక మార్గమును వలదని, వేరొకదానిని కోరినది.

మా అబ్బాయి వాదమును తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధనాలయమున తయారైన అమినోప్టెరిను అను మందును 1947, 48 ప్రాంతమున బోస్టనులో రక్తక్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చినపుడు కొందరికి కొన్ని మాసముల ఉపశమనము మాత్రమే కలిగినది. అది వట్టి యాప్యము. నేడు, మంచి వైద్యమందిన చోట, ఆ వ్యాధి సోకిన పిల్లలలో అత్యధికులు పూర్తిగా స్వస్థులగుచున్నారు. వృషణముల క్యాన్సరు వ్యాపించిన పిమ్మట గూడ పలువురికి నయమగుననుట వైద్యులెరిగినదే. కావున "ప్రాకినది, ఇక చేయునదేమి" యని అన్ని రోగములకు ఒకే తీర్పు చెప్పువాడు మూర్ఖుడు. ఈ మందు ఈ మనిషికి ఎన్నాళ్లు ఇచ్చును, ఏమి తీసికొనును అని వైద్యుని మొగమెదుట అడుగవలెను. అడిగితిమి. నిర్మూలింపవచ్చునా యన్న ప్రశ్నకు ఆయన తల అడ్డముగ ఊపి, అణచి యుంచవచ్చుననెను. అదియే యాప్యము.

డబ్బును గూర్చి ఒక మాట. భూమి అమ్మకుండుటచే భార్యను పోగొట్టుకొంటినన్న నింద తనపై తాను వేసికొనువారు మా ప్రాంతమున పలువురు కలరు. ముంబయిలోని టాటా ఆసుపత్రి వెనుక 1931లో రక్తక్యాన్సరుతో మరణించిన మెహెర్‌బాయి టాటా స్మృతి కలదు. హైదరాబాదులో 2000లో ప్రారంభమైన ఆసుపత్రికి బసవతారకమ్మగారి పేరు పెట్టిరి. ఆమె 1985లో క్యాన్సరుతో పోయినపుడు భర్త రామారావుగారు ముఖ్యమంత్రి. ఆ భర్తలకు ధనము తక్కువయా, అధికారము తక్కువయా?

యాప్యమునకు సుశ్రుతుడు చెప్పిన పోలిక ఒకటి కలదు. కూలబోవు ఇంటిని సరిగా నిలిపిన ఊతకంబము పట్టియుంచినట్లు చికిత్స ఆ రోగిని పట్టియుంచుననెను. దీనిని నేను కన్నులార చూచితిని. మా తాతగారి మట్టి మిద్దెలో నడిమింటి దూలము పగిలినది. దూలము మార్చవలెనన్న మిద్దె అంతయు విప్పవలెను. మట్టిగోడలు ఆ అదటునకు ఓర్వలేవని పనివాడు చెప్పెను. నల్లమలనుండి తెచ్చిన గుంజ ఒకటి క్రింద నిలిపిరి. పదునొకండేండ్లు ఆ గుంజ చుట్టును తిరుగుచు కాపురము చేసితిమి. నా ఉపనయనము ఆ ఇంటనే జరిగినది. గుంజను ఎక్కడ నిలుపవలెనన్నదే అందలి నేర్పు. మోతాదు మించి బిగించినచో మంచి దూలము గూడ పగులును.

హార్మోను సూదియు, మాత్రలును నిర్ణయించితిమి. అబ్బాయి పట్టు విడువక క్రొత్త మందును తన జీతమునుండి ఇచ్చెదననెను. ఆమె సమ్మతించినది, భూమి అమ్మకూడదన్న షరతుతో. వెన్నెముక నొప్పికి ఒకేయొక్క పర్యాయము రేడియేషను ఇచ్చిరి. ఎముక నొప్పి తగ్గించుటకు పలువురి విషయమున ఒక్క మోతాదు చాలునట. మార్ఫిను మాత్ర యనగానే అది అలవాటగునని, చివరి దశకు గాని వలదని ఇరుగుపొరుగువారు భయపెట్టిరి. అది అపోహ. బోస్టనులో ఊపిరితిత్తుల క్యాన్సరు వ్యాపించిన 151 మందిపై జరిగిన పరిశీలనము 2010లో ప్రకటితమైనది. మొదటినుండియు ఉపశమన వైద్యమును గూడ పొందినవారు చివరి దినములలో తీవ్ర చికిత్సలు తక్కువగా పొందియు, తక్కినవారికంటె సుమారు రెండున్నర మాసములు ఎక్కువ జీవించిరి. బాధను తగ్గించుట చేతులెత్తివేయుట కాదని తెలిసికొనుటకు నాకింత చదువవలసి వచ్చినది. ఆమెకు చదువకయే తెలిసియుండెను.

అప్పటినుండి ఇరువది మాసములు ఆమె తన వంటింటిలో వండినది. రెండు పర్యాయములు ఆవకాయ పెట్టినది. గత మాసపు స్కానులో రోగము మరల కదలినదని వ్రాసిరి. మరల త్రాసు పట్టవలసిన సమయము వచ్చినది. ఈ పర్యాయము కవరును నేను విప్పలేదు. ఆమె కళ్లజోడు వెదకి తెచ్చి, రెంటిని ఆమె చేతికిచ్చితిని. చదువుకొని, "ఎల్లుండి బస్సుకు పోదాం, ఏమంటారో విందాం" అన్నది.