వంగుట దోషమా?

ఉత్తరకుమారుని కథ పాఠము చెప్పునపుడెల్ల మా తరగతి బాలురు నవ్వుదురు. కౌరవసేనను గాంచి రథము దుమికి పరుగెత్తినవానిని జూచి నవ్వకుండుట యెట్లు? మేమును నవ్వించుచునే వచ్చితిమి. అర్జునుడు వానిని వెంబడించి పట్టుకొని, దండింపక, ధైర్యము చెప్పి, పగ్గములు చేతికిచ్చెనను మాటను మాత్రము త్వరగా దాటించుచుంటిమి. భారము మోయలేక మనసు చెదరినవాడు దోషియా యను ప్రశ్న యచ్చటనే యున్నది.

మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు సైన్యము దీనికి గఠినమైన యుత్తరమే చెప్పెను. 1915లో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు, గుండ్లు దాపున బ్రేలిన పిమ్మట జ్ఞాపకము, చూపు, వాసన, రుచి చెడిన ముగ్గురు సైనికుల వృత్తాంతమును 'లాన్సెట్' పత్రికలో బ్రకటించెను. 'షెల్ షాక్' అను పేరు దానితో వ్యాప్తికి వచ్చెను. ప్రేలుడుచే మెదడు చెడినదా, భయముచే మనసు చెడినదా యని వైద్యులు వాదించుకొనుచుండగనే, పారిపోయిరనియు బిరికివారనియు నిట్టి నేరములు మోపి సైన్యము తనవారినే 306 మందిని గాల్పించెను. వారందఱును రోగులే యని మేమనము. అయినను షెల్ షాక్‌నకు జికిత్స పొందినవారు సైతము వారిలో నుండిరి. వారికి క్షమాపణ యిచ్చు చట్టము 2006లో వచ్చినది. అప్పటికి వారి భార్యలలో బ్రదికియున్నవా రెవరు?

ఇనుము విషయమున మనము మఱింత న్యాయముగా నాలోచింతుము. 1941లో బాంబుల భయమున నున్న యింగ్లండులో జాన్ బేకర్ అను నింజనీరు ఇండ్లలో నుంచుకొనుటకు మారిసన్ షెల్టర్ అను నుక్కుబల్లను గల్పించెను. పగలు దానిపై భోజనము, రాత్రి దానిక్రింద నిద్ర. మీది యంతస్తు కూలి పైబడినను అది యేమాత్రము చలింపకుండవలెనని యాతడు కోరలేదు. అది వంగవలెను, వంగుచు దెబ్బలోని శక్తిని దానే మ్రింగవలెను, లోపలివారు బ్రదుకవలెను. వంగుట యెఱుగని పెళుసు వస్తువు పగిలిపోవును. అట్లు క్రుంగిన బల్లను బిరికిదని నిందించినవారు లేరు.

అట్లైన ధైర్యమునకు విలువ లేదా యని కొందఱడుగుదురు. కలదు. అయితే యది బ్యాంకులోని సొమ్మువలె వ్యయమగునని, తాను కందకములలో జూచినదానినిబట్టి లార్డ్ మోరన్ అను వైద్యుడు 1945లో వ్రాసెను. నిలువ తీఱినవానిని దొంగ యనుట న్యాయము గాదు.

2016లో అమెరికాలో డేనియల్ పెర్ల్ మొదలగువారు ప్రేలుళ్లకు లోనై పిదప మరణించిన సైనికుల మెదళ్లను బరీక్షించి, వానిలో విలక్షణమైన మచ్చలను గనుగొనిరి. విని సంతోషించితిమి, వెంటనే సిగ్గుపడితిమి. మచ్చ కనబడకున్న దయ చూపమా? సూక్ష్మదర్శినికై వేచియుండు దయ యెట్టి దయ?

మొన్న నొక బాలుడు, "అర్జునుడు వానిని మరల యుద్ధమునకే తీసికొనిపోయెను గదండీ!" అనెను. నిజమే. రివర్స్ అను వైద్యుడును స్కాట్లండులోని క్రెయిగ్‌లాకార్ట్ ఆసుపత్రిలో సైనికాధికారులచే దయతో మాటలాడించి, నయముచేసి, మరల యుద్ధమునకు బంపుచుండెను. తన దయ దేనికి వినియోగపడుచున్నదో యాతడెఱుగును. అర్జునుడు మాత్రము వింటిని దాను పట్టి, వానికి బగ్గములే యిచ్చెనని చెప్పితిమి. బాలునికది చాలినట్లు తోచలేదు.