శిష్యుని మౌనము

విద్యార్థి నేర్వకపోయినచో దోషమెవ్వరిది? ఈ ప్రశ్నకు మనలో చాలమందికి జవాబు ముందే సిద్ధముగా నున్నది: వాడు మందబుద్ధి, వానికి శ్రద్ధలేదు, వాని తలవ్రాత యట్టిది. న్యాయస్థానమున నిట్టి తీర్పును మేమెన్నడును అంగీకరించియుండము. సాక్షి నోరు మెదపనప్పుడు మంచి వకీలు సాక్షిని తిట్టడు. తాను వేసిన ప్రశ్ననే మరల చూచుకొనును. బడిలో మాత్రము గురువే ప్రశ్న వేయువాడును, తీర్పు చెప్పువాడును అగుచున్నాడు.

ఎచ్చెర్ల ప్రాంతమున సాయంకాలములందు కొందరు బాలురకు లెక్కలు చెప్పు పని మేము కొంతకాలము పూనితిమి. అందొకడు సముద్రతీరపు పల్లెనుండి వచ్చుచుండెను. వడ్డీలెక్క యెన్నిమారులు చెప్పినను నేలచూపులు చూచుటయే కాని బదులాడడు. పుస్తకములు బహుమానముగా నిత్తుమని ఆశపెట్టితిమి. తక్కినవారు నాలుగునాళ్లు చదివి, బహుమానము చేతబడగానే మానిరి. వీడు ఆ నాలుగునాళ్లును చదువలేదు. ఆ విషయమున వాడే నిజాయితీపరుడని యిప్పుడు తోచుచున్నది.

ఒకనాడు వాన కురియుటచే తక్కినవారు రాలేదు. ప్రొద్దుపుచ్చుటకై, వేటలో దొరికిన చేపల సొమ్ము మీరెట్లు పంచుకొందురని వాని నడిగితిమి. పడవకింత, వలకింత, మనుష్యులకింత యని వాడు పలక ముట్టకయే వాటాలు తేల్చెను. ఇదివరకేల చెప్పలేదురా యనగా, "మీరెప్పుడడిగినారు బాబూ?" అనెను. అడ్డుప్రశ్నలతో నిరువదియేండ్లుగా జీవనము సాగించుచున్న మాకు ఆ యొక్క ప్రశ్నకు బదులు దొరకలేదు.

గిడుగు రామమూర్తి పంతులుగారి చరిత్ర ఈ జిల్లావారికి క్రొత్తకాదు. 1863లో పర్వతాలపేటలో జన్మించి, పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయులై యున్న ఆయన, కొండసవరలకు చదువు రాదని యూరకుండలేదు. మొదట తానే వారి భాష నేర్చిరి. అందు పుస్తకములు కూర్చిరి. వారికి బడులు పెట్టిరి. 1931లో సవరభాషా వ్యాకరణము వెలువరించిరి. తెనుగుపిల్లలకు వాడుకభాషయందే చదువు చెప్పవలెనని ఆయన చేసిన పోరాటమునకును మూలమిదియే యని మా యభిప్రాయము. ఆయన వలదన్న భాషలోనే ఈ మాట వ్రాయుచుండుట మాకే నవ్వు పుట్టించుచున్నది.

తప్పంతయు గురువుపై మోపినచో శిష్యుని పూనిక యేమగునని కొందరాక్షేపింతురు. ఆక్షేపణ సరియైనదే. అన్నము వడ్డింపవచ్చును గాని ఆకలి వడ్డింపలేము. అయినను ఆత్మపరీక్ష యనగా నేరమొప్పుకొనుట కాదు. పాఠము ముగిసినపిదప, నేడెవడు మాటలాడలేదు, ఎవడెప్పుడు చూపు మరల్చెను, అప్పుడు మేమేమి చెప్పుచుంటిమి అని వ్రాసికొనుట. అట్లు వ్రాసికొన్న నెలలోనే మా ప్రశ్నలలో నధికభాగము ముందువరుసవారికే పోవుచున్నదని తెలిసినది. 2008లో ఎచ్చెర్లయందు విశ్వవిద్యాలయము వెలసినది. ఆ ప్రాంతముననే మా బాలుడు నెలలతరబడి మూగవలె కూర్చుండెను.

పిమ్మట వాటాలతోనే వడ్డీలెక్క మొదలుపెట్టితిమి. వాడు త్వరలోనే అందుకొనెను. కాని ఈ తీరపు మత్స్యకారులు వేటపనికై గుజరాతులోని వేరావలునకు వలసపోవుట కలదు. వాడును తండ్రివెంట ప్రయాణమయ్యెను. పోవునాడు వచ్చి, అచ్చటి షావుకారు వ్రాసిన లెక్కను తాను సరిచూడగలనా యని యడిగెను. చూడగలవనియే చెప్పితిమి. చేపల వాటాల మాట మరి మూడునెలలు ముందుగా అడిగియుండినచో, ఆ మాటను ఇంకను ధైర్యముగా చెప్పియుందుము.