విరిగినది మారిస్తే చాలునా?

మీ ఇంట్లో మోటారు సైకిలు ఉంటే ఈ సంగతి సులభంగానే అర్థమవుతుంది. లేకపోయినా ఫరవాలేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్న ఇల్లయితే చాలు.

సికిందరాబాదు స్టేషనుకు దగ్గరలోని రెజిమెంటల్ బజార్ మీలో చాలామందికి తెలిసిన చోటే. 1806లో సికిందర్ జా పేరిట వెలసిన ఈ ఊరు దండు ఊరు. పల్టన్ల పేరు ఆ బజారుకు ఇప్పటికీ మిగిలింది. అక్కడి ఒక సందులో, గోనెపట్టా మీద కూర్చుని పనిచేసే ఒక పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్న సంగతి ఇది.

నా దగ్గర పాత బుల్లెట్ ఒకటి ఉంది. నూనె మార్చవలసిన సమయానికి మార్చలేదు. ఆ తప్పు నాదే. ఒకనాడు ఇంజనులో టకటకమని చప్పుడు మొదలైంది. కనెక్టింగ్ రాడ్డు అడుగున ఉండే బేరింగు అరిగి, చిట్లిపోయింది. ఇంటి దగ్గరి ఒక మెకానిక్కుకు అప్పగించి, ‘త్వరగా కావాలి, తక్కువలో చెయ్యి’ అన్నాను. ఆయన రాణిగంజ్ నుండి కొత్త బేరింగు తెప్పించి వేశాడు. చప్పుడు పోయింది. డబ్బిచ్చి సంతోషంగా ఇంటికి వచ్చాను.

మూడు వారాలు గడిచాయో లేదో, మళ్ళీ అదే చప్పుడు. ఈసారి రెజిమెంటల్ బజార్ పెద్దాయన దగ్గరకు తోసుకుంటూ పోయాను. ఆయన నూనె దింపి, కొంచెం అరచేతిలో పోసుకుని ఎండకు పట్టాడు. నల్లటి నూనెలో వెండి రజనులాగా ఏదో తళతళలాడింది.

‘‘సారూ, పగిలిన సామాను మార్చిండ్రు. దాని పొడి ఏడికి పోయిందో చూడలే’’ అన్నాడు.

‘‘ఫిల్టరు ఉంది కదా?’’ అన్నాను.

‘‘ఫిల్టరు రోజూ అరిగేదానికి సారూ. ఒక్కసారే ఇంత పడితే అదేం చేస్తది?’’

ఇంజనులో నూనె ఒకచోట నిలిచి ఉండదు. పంపు దాన్ని అడుగు నుండి లాగి క్రాంకుకు, పైనున్న వాల్వుల దగ్గరకు పంపుతుంది. అక్కడ పని ముగించుకుని అది మళ్ళీ అడుగుకు జారుతుంది. ఇంజనుకు ప్రాణం పోసేది ఆ నూనే. బేరింగు చిట్లిననాడు దాని పొడిని ప్రతి మూలకూ మోసేదీ ఆ నూనే. ఆ రజను కొత్త బేరింగు మెత్తటి లోహంలో దిగబడి, ఆకురాయిలా పక్కనున్న ఉక్కును గీకుతుంది. అలా పాత దెబ్బ కొత్త సామానును తినేస్తుంది.

ఆయన అయస్కాంతం తెచ్చి నూనెలో తిప్పాడు. కొంత పొడి అంటుకుంది. ‘ఇక శుభ్రమే కదా’ అన్నాను. ఆయన నవ్వాడు. అయస్కాంతం ఇనుమునే పట్టుకుంటుంది. అల్యూమినియం, ఇత్తడి, తగరం దానికి చిక్కవు. అందుకని ఇంజనంతా విప్పాడు. ఫిల్టరు పారేశాడు. నూనె దారులన్నిటిలో సన్నని తీగ పోనిచ్చి, కిరసనాయిలుతో కడిగి, గాలి కొట్టాడు. నూలు వేస్టుతో తుడవనివ్వలేదు; దాని పోగులు కూడా దారికి అడ్డుపడతాయట. తెల్లని పాత పంచె ముక్కతో తుడిచి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్ళీ కడిగాడు. బిగించాక, ‘‘వంద కిలోమీటర్లు నడిపి రా సారూ, ఈ నూనె కూడా పారబోద్దాం’’ అన్నాడు. బేరింగు మార్చింది ఒక పూట పని. కడిగింది రెండు రోజుల పని.

ఇక్కడ మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మొదటి మెకానిక్కు మోసం చేశాడా? చెప్పిన సామాను వేశాడు, దానికే డబ్బు తీసుకున్నాడు. అయినా చేయవలసిన పని చేయలేదు. మరి, ‘త్వరగా, తక్కువలో’ అని తొందరపెట్టిన నాకు ఆ తప్పులో పాలు లేదా? ఇంటికి వస్తూ దారి పొడుగునా ఇదే ఆలోచించాను. ఆలోచన మోటారు సైకిలు దగ్గర ఆగలేదు.

కొన్నేళ్ళ క్రితం నాన్నగారి ఇంటి వాటా విషయమై నా తమ్ముణ్ణి బంధువుల ముందు ‘దొంగ’ అన్నాను. లెక్క చూసుకుంటే తప్పు నాదేనని తేలింది. వాడింటికి వెళ్ళి, ‘తమ్ముడూ, నన్ను క్షమించు’ అన్నాను. వాడు క్షమించాడు. ఇద్దరం కలిసి భోంచేశాం. పని పూర్తయిందనుకున్నాను. కానీ ఆ రోజు ఆ గదిలో మరదలు ఉంది, పిల్లలు ఉన్నారు, మా అక్క అత్తవారి వైపు మనుషులు ఉన్నారు. నా మాట విన్నవాళ్ళు ఎందరో. నా క్షమాపణ విన్నది ఒక్కడే. కుటుంబాన్ని కలిపి ఉంచే మాటలే నా నిందను ఊరూరా మోశాయి. పెళ్ళిళ్ళలో మరదలు నాకు దూరంగా ఎందుకు కూర్చుంటుందో నాకు అప్పటిదాకా తట్టలేదు.

పాపసంకీర్తనంలో మనకు క్షమాపణ దొరుకుతుంది. అయితే దొంగిలించిన సొమ్ము తిరిగి ఇవ్వడం, పాడుచేసిన పేరును నిలబెట్టడం ఇంకా మన బాధ్యతేనని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశం కూడా బోధిస్తుంది. క్షమించడం ఎదుటివారి దయ. కడగడం మన పని.

‘పాతవన్నీ తవ్వితే గాయాలు రేగవా?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. చిన్న చప్పుడుకల్లా ఇంజను విప్పమని ఆ పెద్దాయన కూడా అనడు. రోజువారీ రాపిడికి ఫిల్టరు చాలు. ఇంట్లో దాని పేరు ఓర్పు. కాని ఏదైనా నిజంగా పగిలిననాడు ఓర్పు ఒక్కటే సరిపోదు. అప్పుడు మన మాట ఏ దారిన పోయిందో ఆ దారి వెంటే మనమూ నడవాలి. ఎవరి చెవిన నింద వేశామో వారి దగ్గరకే పోయి, ‘నేనన్నది అబద్ధం’ అనాలి. అయస్కాంతానికి అంటుకున్నంత వరకే, అనగా మనకు సులభమైనంత వరకే తీసి ఊరుకుంటే పని కాదు.

కిందటి పండుగకు అందరూ కూడినప్పుడు, భోజనాలకు ముందు నిలబడి ఆ మాట చెప్పాను. గొంతు వణికింది. మరదలు ఏమీ అనలేదు. వడ్డించేటప్పుడు మాత్రం, ‘‘బావగారూ, ఇంకొంచెం వేసుకోండి’’ అంది. అంతటితో అంతా శుభ్రమైందని నేననుకోను. ఆ పెద్దాయన చెప్పినట్టు, కొంత దూరం నడిచాక మళ్ళీ ఒకసారి నూనె దింపి చూసుకోవాలి.

ప్రియ పాఠకులారా, మీరు ఎప్పుడో క్షమాపణ అడిగి మరచిపోయిన తగాదా ఏదైనా ఉంటే, ఈ వారం దాన్ని ఒక్కసారి గుర్తు చేసుకోండి. విరిగినది మార్చారు, మంచిదే. మరి ఆ పొడి ఎక్కడికి పోయింది?